వేలిముద్ర పడిన రోజు

శనివారం బడి అవగానే పలాసలో మా చర్చి వ్యాను ఎక్కుతాను. ముందు సీట్లో పాస్టరు గారు, నా పక్కన కుట్టుపని సంచితో ఆయన భార్య, వెనక పిల్లల పుస్తకాలు. కవిటి దారిలో కొంత దూరం వెళ్లి, కొబ్బరితోటల్లోకి మళ్లి ఒక చిన్న ఊళ్లో దిగుతాం. ఆ ఊరి పెద్దరైతు తన తోటలో ఒక రేకుల షెడ్డు మాకిచ్చాడు. "పిల్లలకి సదువు సెప్తామంటే కాదంతానేటి? మీ ప్రార్థనలు మీరు సేసుకోండి. మైకు మాత్రం ఎట్టకండి బాబూ" అన్నాడు. ఆ మాట మీద ఇప్పటికీ నిలబడ్డాం.

నేను పలాసలో ఒక ప్రైవేటు బడిలో లెక్కల టీచర్ని. ముక్కు మీద కోపం, నాలుక చివర సలహా నాకు ఎప్పుడూ సిద్ధంగా ఉంటాయి. షెడ్డును మధ్యలో తెర కట్టి రెండు భాగాలు చేయమన్న సలహా కూడా నాదే. ఒక పక్క పిల్లల ట్యూషను, ఇంకో పక్క ఆడవాళ్లు జీడిపిక్కలు కొట్టుకునే చోటు. అంతకుముందు వాళ్లు పలాస ఫ్యాక్టరీలకి ఆటోల్లో కుక్కుకుని వెళ్లి, దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరేవారు. మా చర్చికొచ్చే వ్యాపారి ఒకాయన ఉడికించిన పిక్కలు బస్తాల్లో పంపడానికి ఒప్పుకున్నాడు, మేం పిక్కలు కొట్టే కట్టర్లు కొనిపెట్టాం. తల్లి కళ్లెదుటే పిల్ల చదువుకుంటుంది, పిల్ల పక్కనే తల్లి సంపాదించుకుంటుంది అని నేను చెబితే చర్చి కమిటీ అంతా మెచ్చుకుంది. నేనైతే గాల్లో తేలిపోయాను.

ఆ పని చూడటానికి తేలిక. పిక్కను ఎడమచేత్తో కత్తుల మధ్య పెట్టి, కాలితో తొక్కి, పిడి వంచితే డొల్ల రెండుగా విడిపోతుంది. లోపలి పప్పు విరగకుండా గుండుగా రావాలి. డొల్లలోంచి కారే జీడి అంటితే మాత్రం వేళ్లు నల్లబడి, చర్మం పొరలు పొరలుగా ఊడిపోతుంది. మేం గ్లౌజులిచ్చాం. అవి వేసుకుంటే పప్పు చేతికి తెలియడం లేదని ఆడవాళ్లు తీసి పక్కన పడేసి, బూడిద రాసుకుని కూర్చునేవారు. విశాఖ నుంచి పెద్ద చర్చివాళ్లు చూడటానికి వస్తున్నారంటే అందరికన్నా ముందు పరుగెత్తి, గ్లౌజులు వేసుకోండని అరిచేదాన్ని నేనే. మా ఫొటోలన్నిటిలో చేతులు శుభ్రంగా ఉంటాయి.

ఇంకో కట్టుబాటు కూడా పెట్టాం. కట్టరు ఖాళీగా ఉండకూడదు. మనిషి రాకపోతే ఆ ఇంటి నుంచి ఇంకొకరు రావాలి, లేదంటే ఆ చోటు వేరొకరికి వెళ్లిపోతుంది. చోటు కోసం కాచుకున్న ఆడవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి అదే న్యాయం అనిపించింది.

ఆ కట్టుబాటు వల్లే పదో తరగతి పిల్ల ఒకతె శనివారాలు ట్యూషనుకి రావడం మానేసి కట్టరు ముందు కూర్చోవడం మొదలుపెట్టింది. తండ్రికి కిడ్నీలు పోయాయి. మంగళ, గురు, శనివారాలు పలాస ఆస్పత్రిలో డయాలసిస్. అతనికి తోడుగా తల్లి వెళ్లాలి, తల్లి వెళితే చోటు ఖాళీ. అందుకని ఆ మూడు రోజులూ కూతురు. ఆ ఊళ్లో ఇలాంటి ఇల్లు అదొక్కటే కాదు గనక ఎవరికీ వింతగా అనిపించలేదు, నాకూ అనిపించలేదు.

ఆ పిల్లకి లెక్కలంటే ప్రాణం. బోర్డు మీద నేను లెక్క వేస్తుంటే తెర అవతల నుంచి జవాబు వినిపించేది. నేను మురిసిపోయి తెర తీసేయించాను. అటూ ఇటూ తిరుగుతూ లెక్కలడిగేదాన్ని, ఆ పిల్ల తలెత్తకుండా పిక్కలు కొడుతూనే చెప్పేది. ఆదివారం చర్చిలో దేవుడి మేలు చెప్పుకునే సాక్ష్యాల వేళ లేచి నిలబడి ఈ సంగతే చెప్పాను. చేతులు పిక్కల మీద, మనసు చదువు మీద పెట్టిన బిడ్డ అన్నాను. స్తోత్రం, స్తోత్రం అన్నారు అంతా. ఒక పెద్దావిడ కళ్లు తుడుచుకుంది. అయ్యో, ఈ పిల్లని ముందు అక్కడి నుంచి లేపాలి కదా అని మాలో ఒక్కరికీ తోచలేదు. సాక్ష్యం అంత బాగా కుదిరింది మరి. ఇప్పుడది గుర్తొస్తే నా నోరు నేనే నొక్కుకోవాలనిపిస్తుంది.

పిల్ల మంచి మార్కులతో పాసయింది. టెక్కలిలో ఇంటర్ సీటు, హాస్టలు మా సంఘం చూసింది. ప్రభుత్వం ఇచ్చే ఫీజు సాయానికి మాత్రం వేలిముద్ర వేయాలి. తల్లినీ పిల్లనీ తీసుకుని గ్రామ సచివాలయానికి వెళ్లాను. పిల్ల బొటనవేలు పెట్టింది. మిషను పడలేదంది. వేలు ఓణీకి తుడుచుకుని మళ్లీ పెట్టింది. పది వేళ్లూ అయ్యాయి, ఒక్కటీ పడలేదు.

అక్కడ పనిచేసే కుర్రాడు పిల్ల చెయ్యి వెల్లకిలా తిప్పి చూశాడు. "పిక్కలు కొడతావేటి నువ్వు?"

పిల్ల తల దించుకుంది. వాళ్లమ్మ తన రెండు చేతులూ చాపి చూపించింది. "నావీ పడవు బాబూ. రేషన్ కాడ నెల నెలా ఇదే గోల."

"కొన్నాళ్లు పని ఆపీసి, సేతులకి కొబ్బరినూనె రాయండమ్మా. గీతలు మళ్లీ వస్తాయి" అన్నాడు కుర్రాడు.

ఆ వేళ్ల వైపు నేను సరిగ్గా చూడటం అదే మొదటిసారి. ఏడాదిగా ఆ పిల్ల నోట్లోంచి వచ్చే జవాబులు విన్నాను తప్ప చేతులు చూడలేదు. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది. సిగ్గేస్తే నేను ఏడవను, ఎదుటివాళ్ల మీద పడతాను. బయటికి రాగానే ఆ తల్లిని పట్టుకున్నాను.

"కన్నతల్లివి, నీకైనా ఉండక్కర్లేదా? ఇక నీ కూతురు ఆ కట్టరు ముట్టుకుంటే టెక్కలి మాట మర్చిపో. అర్థమైందా?" అన్నాను. మా చోటు, మా కట్టరు, మా కట్టుబాటు, తిట్లు మాత్రం ఆమెకి.

"తప్పయిపోనాది టీచరమ్మా. ఇంక కూకోబెట్టను" అందామె.

మాట నిలబెట్టుకుంది. తర్వాత ప్రతి శనివారం షెడ్డులో కట్టరు ముందు తల్లే కనిపించేది. పిల్ల ట్యూషను పక్క కూర్చుని, వేళ్లకి కొబ్బరినూనె రాసుకుని, చిన్నపిల్లలకి ఎక్కాలు చెప్పేది. అది చూసి నాకు కడుపు నిండిపోయేది. నా కోపం ఒక్కోసారి మంచే చేస్తుందని వ్యానులో పాస్టరు గారి భార్యతో గొప్పగా అన్నాను కూడా. శనివారం ఆ తల్లి ఇక్కడుంటే పలాసలో ఆమె భర్త దగ్గర ఎవరున్నారని అడగాలన్న ఆలోచన నాకు రాలేదు. లెక్కల టీచర్ని నేను.

కాలేజీలు తెరిచే ముందు మళ్లీ సచివాలయానికి వెళ్లాం. పిల్ల వేలు పెట్టింది. మిషను ఒప్పుకుంది. నేను అందరి ముందే గట్టిగా స్తోత్రం అనేశాను. పిల్ల నన్ను వాటేసుకుంది. ఆ సంతోషంలో బయటికొచ్చి ముగ్గురం కొబ్బరిబొండాలు తాగుతుంటే, మాటవరసకి అడిగాను.

"మీ ఆయనకెలా ఉందమ్మా?"

"ఉన్నాడమ్మా. ఒక్కడే ఆటో ఎక్కి ఎల్లొత్తన్నాడు."

"ఒక్కడా? నువ్వు వెళ్లడం లేదా?"

"మరి గుంటని కూకోబెట్టొద్దన్నారు గదా. నానూ ఎల్లిపోతే సోటు పోతాది. నువ్వు ఎల్లిరాగలవా అని అడిగితే, ఎల్లొత్తానే, దాని సదువు కన్నానా అన్నాడు." ఆమె మామూలుగానే చెబుతోంది. "డయలసీసు అయినాక కళ్లు తిరుగుతాయి గదమ్మా. మొన్న గురువారం ఆస్పత్రి గేటు కాడ పడిపోనాడట. ఎవులో నీడన కూకోబెట్టి మంచినీళ్లిచ్చినారట. దెబ్బలు పెద్దగా తగల్లేదు."

పిల్ల బొండం పక్కన పెట్టేసింది. ఈ సంగతి తనకీ అప్పుడే తెలిసిందని ఆ ముఖం చూస్తే తెలిసిపోయింది.

ఆ ఆస్పత్రి మా బడికి దగ్గర. మధ్యాహ్నం అన్నం బెల్లుకి నేను నడిచి వెళ్లి, అతన్ని ఆటో ఎక్కించి వెనక్కి రావచ్చు. కట్టరు ఖాళీగా ఉన్నా ఆమె చోటు ఆమెకే ఉంచమని కమిటీలో ఒక్క మాట అంటే సరిపోయేది. రెండిట్లో ఏదీ చేయలేదు, కేకలు మాత్రం వేశాను. ఆ కేకల్ని ఆ ఇంట్లో వేదవాక్కులా పాటించారు, జబ్బు మనిషితో సహా.

నా బొండం కూడా పక్కన పెట్టేశాను. నాకింకా కోపం తగ్గలేదనుకుందేమో, ఆమె కాస్త దగ్గరికి జరిగింది.

"మీరు సెప్పినకాడి నుంచి ఒక్క పిక్క కూడా ముట్టనీయలేదు టీచరమ్మా" అని, మెచ్చుకుంటానేమోనని నా ముఖంలోకి చూసింది.