రంపపు పొట్టుతో చేసిన ముఖం

మా బడిలో డ్రాయింగు పీరియడ్ అంటే గోల చేసుకునే పీరియడ్. తెలంగాణ ఉద్యమం రోజుల్లో మూతబడ్డ బడులు మళ్లీ తెరిచాక, మానుకోట దగ్గరున్న మా ఊరికి జనగామ దిక్కు నుంచి కొత్త డ్రాయింగు సారు వచ్చారు. ఆయన వచ్చాక మా చేతులకు పని దొరికింది. ఏడో తరగతి పిల్లలమంతా ఇంటి నుంచి చింతగింజలు తేవాలి. వాటిని వేయించి, తొక్క తీసి, నానబెట్టి, రుబ్బి ఉడికిస్తే చిక్కటి జిగురు తయారవుతుంది. వేయించిన గింజలు సగం మా నోళ్లలోకే పోయేవి. సారు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. ఆ జిగురులో వడ్రంగి దగ్గర తెచ్చిన రంపపు పొట్టు కలిపి పిసికితే జొన్నరొట్టె పిండిలా చేతికి లొంగుతుంది. దాన్ని కుండపెంకు మీద అద్ది ముఖం చేయాలి.

“దేవుళ్ల మొఖాలు, రాజుల మొఖాలు వద్దు. మీ ఇంట్ల మనిషిని ఎదురుంగ కూసోబెట్టుకొని చేయుండ్రి,” అన్నారు సారు.

అందరూ అవ్వనో తాతనో ఎంచుకున్నారు. నేను అమ్మను ఎంచుకున్నాను. నాకు ఊహ తెలియకముందే అమ్మ పోయింది. ఒక్క ఫొటో కూడా లేదు. ఎట్లుండేదని బాపును అడిగితే “మంచిగుండేది” అని, కండువా దులుపుకొని బాయికాడికి పోయేవాడు. నాకు తెలిసి అమ్మ ముఖం ఒక్కచోటే ఉంది. బాపు రెండో పెళ్లి చేసుకున్న మనిషి మెడలో, పుస్తెల పక్కన.

మా దగ్గర మొదటి భార్య చనిపోతే, తర్వాత వచ్చినామె ఆ చనిపోయినామె బొమ్మ ఉన్న వెండిబిళ్ళను మెడలో వేసుకుంటుంది. చిన్నమ్మ పొద్దున లేస్తూనే ఆ బిళ్ళను కళ్లకద్దుకునేది. కొత్త చీరను ముందు దానికి తాకించి, తర్వాతే కట్టుకునేది. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. మా అమ్మ ఈమె మెడలో ఎందుకుండాలి? ఇప్పుడు చిన్నమ్మ అని రాస్తున్నాను గానీ, అప్పట్లో ఆమెను ఏ వరసా పెట్టి పిలవలేదు. నా నోటికి ఆమె పేరు “ఇగో”.

“ఇగో, గా బిళ్ళ ఇయ్యి. బడిల పనున్నది.”

“తీయరాదు బిడ్డా, అక్క కోపం చేస్తది,” అంది ఆమె. “నేనే కూసుంట. నువ్వు చూసుకుంట చెయ్యి.”

అలా రోజూ పొద్దుగూకే వేళ, పొయ్యి ముట్టించే ముందు, ఆమె అరుగు మీద కూర్చుని బిళ్ళను వేళ్లతో ఎత్తి పట్టుకునేది. నేను ఎదురుగా పీట వేసుకునేదాన్ని. బిళ్ళ మీది బొమ్మ ఎంతని? కళ్లంటే రెండు చుక్కలు, నోరంటే ఒక గీత. కంసాలి అందరికీ అదే అచ్చు కొడతాడని నాకేం తెలుసు? ఆ చుక్కల్లో అమ్మను వెతుక్కున్నాను. ఏమీ తోచనప్పుడు తల ఎత్తేదాన్ని, మళ్లీ తడి పొట్టు అద్దేదాన్ని. బిళ్ళ ఊగితే “కదలకు” అని కసిరేదాన్ని. పాపం, దోమ కుట్టినా ఆమె చెయ్యి కదిపేది కాదు.

ముఖం ఎండాక సుద్ద పూసి రంగులేశాను. సారు అందరి ముఖాలూ బడి గోడకు తగిలించి ఊరివాళ్లను పిలిచారు. మా మేనత్త నా బొమ్మ ముందు ఆగింది. అమ్మను బాగా ఎరిగిన మనిషి. ‘మీ అమ్మే’ అని ఆమె ఒక్క మాట అంటే చాలు, ఇక నాకూ అమ్మ ముఖం ఉన్నట్టే.

“ఓసి, మీ చిన్నమ్మను దించినవ్ గదనే!” అంది అత్త. “గా బుగ్గ సొట్ట, గా పెదవి ఒంపు, అచ్చం ఆమెనే.”

“చిన్నమ్మ కాదు. మా అమ్మ.”

“మీ అమ్మది కోలమొఖం బిడ్డా. గిట్ల గుండ్రంగ ఉండకపోయేది.”

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. ఇన్ని రోజులూ నేను తల ఎత్తి చూసింది ఎవరిని? ఆ ముఖాన్ని మేకు నుంచి ఊడబెరికి నేలకేసి కొట్టబోయాను. వెనక నుంచి ఎవరో నా చేయి పట్టుకున్నారు. చూస్తే చిన్నమ్మ.

ఆమె ఆ బొమ్మను చూసింది. మురిసిపోతుందనుకున్నాను. ఆమె మాత్రం పరాయి సొమ్ము తీసి దొరికిపోయినట్టు బెదిరిపోయింది. రెండో చేత్తో బిళ్ళను కళ్లకద్దుకుని “తప్పైంది అక్కా” అని గొణిగింది. తర్వాత నాతో అంది: “ఏడ్వకు బిడ్డా. మల్ల చేద్దాం. వదినె చెప్తది, నువ్వు కోలగ చెయ్యి. మీ అమ్మ మొఖం వచ్చేదాంక చేద్దాం. చింతగింజలు నేను ఏంచుత.”

నాకింకా ఏడుపు ఆగలేదు. అయినా చేయి దించాను.

గోల విని సారు వచ్చారు. ఊరికి కొత్త కాబట్టి మా ఇంటి సంగతి ఆయనకు తెలియదు. నా చేతిలోని ముఖాన్ని, చిన్నమ్మను మార్చి మార్చి చూశారు.

“మస్తు కుదిరింది. ఎవరమ్మా ఈమె?”

అత్త ఏదో చెప్పబోయింది. నేనే ముందు నోరు తెరిచాను.

“మా అమ్మ,” అన్నాను.

ముఖాన్ని మళ్లీ మేకుకు తగిలించాలి. ఒక చేత్తో నాకు చాతకాలేదు. రెండో చేయి చిన్నమ్మ ఇంకా వదల్లేదు.