వద్దన్నవాళ్ళే పాడాలి

మొన్న మా మేనకోడలికి హెడ్‌ఫోను కొనడానికి తిరువళ్ళూరు స్టేషను దగ్గరున్న సెల్‌ఫోను అంగడికి వెళ్ళాం. అంగడి అబ్బాయి ఒకటి తీసి, చూడండమ్మా అంటూ నా తలకే తగిలించాడు. చెవుల మీద మెత్తటి స్పాంజి నొక్కుకుంది. బజారు రొద ఆగిపోయి నా ఊపిరి నాకే వినిపించింది. ఆ నొక్కుడు నాకు కొత్త కాదు. డెబ్బైల చివర, అదే ఊళ్ళోని టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరిన మొదటి రోజు ఒకావిడ ఇలాగే నా తలకు హెడ్‌సెట్ తగిలించి, చెవి పక్కన జుట్టు సర్ది, "నొప్పెడతాదా? పెట్టనీ మే. వారానికి చెవికే అలవాటైపోతాది" అన్నారు. ఆడపిల్లలందరినీ 'మే' అని పిలిచే ఆవిడ ఎతిరాజమ్మ గారు, మా సూపర్‌వైజరు. అంగట్లో మేనకోడలు నన్ను రెండుసార్లు పిలిచిందట. నాకు వినపడలేదు.

ఎతిరాజమ్మ గారిది పొన్నేరి పక్క పల్లె, వరి పండించే తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, టెలిఫోను బోర్డు ముందు ఇంగ్లీషు, మూడింటిలోనూ ఒకే తీరుగా గద్దించగలరు. యాభైకి దగ్గర పడిన మనిషి, నూలు చీర, బిగించి చుట్టిన ముడి, చూస్తే పురాణ కాలక్షేపానికి బయల్దేరినట్టుండేవారు. అలాంటి మనిషి పనిలో కాస్త సందు దొరికితే చాలు, పెన్సిలుతో బల్ల మీద ఒక దరువు వేసేవారు. అదేదో భజన దరువు అనుకుని, నా తెలివి చూపించుకుందామని అడిగాను. కాదట, పచ్చ జెండా వాళ్ళ డ్రమ్స్ అట. పచ్చ జెండా అంటే తిరుత్తణిలోని రాక్ బ్యాండు. బ్యానరు మీద రాసుకునే పేరు గ్రీన్ ఫ్లాగ్స్. అరవైల్లో రైల్వేలో పనిచేసే నలుగురు కుర్రాళ్ళు కలిసి పెట్టారు. మొదట ఇంగ్లీషు పాటలు వాయించారు, తరువాత తమిళంలో సొంతంగా కట్టుకున్నారు. నేను వినే నాటికి ఆ కుర్రాళ్ళకు పొట్టలొచ్చాయి, ఒకాయనకు జుట్టు పోయింది, మోత మాత్రం తగ్గలేదు. కొత్త సంవత్సరం నాటి సాయంత్రం స్టేషను పక్క మైదానంలో వాళ్ళ కచేరీ ఉండేది. ఎతిరాజమ్మ గారు నన్ను వెంటబెట్టుకుని రైలెక్కి వెళ్ళేవారు. మొదటి వరసలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవారు. చప్పట్లు కొట్టరు, తల ఊపరు. కుడికాలు మాత్రం ఊరుకునేది కాదు.

నాకు చిన్నప్పటినుంచీ ముక్కు మీద కోపం. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకరోజు ఒక బియ్యం వ్యాపారి నెల్లూరుకు ట్రంక్ కాల్ బుక్ చేసి, గంటకోసారి లైనులోకి వచ్చి నన్ను తిడుతున్నాడు. విని విని, తీగ తెగితే నేనేం చెయ్యను, నేనేమన్నా మింగానా అన్నాను. మాట నోట్లో ఉండగానే ఎతిరాజమ్మ గారు నా పక్కకు వచ్చి, తన ప్లగ్గు గుచ్చి, మెల్లగా మొదలుపెట్టారు. "అయ్యా, మీరు పొద్దున్నే బుక్ చేసినారు. లారీ లోడై నిలబడుండాది. నెల్లూరోళ్ళు సరే అంటేనే బండి కదలల్ల. ఈ లోపల లారీ బాడుగ మీ నెత్తిన పడతా ఉండాది. అంతే కదా?" అవతలి గొంతు దిగింది. అంతేనమ్మా అన్నాడు చివరికి. లైను సాయంత్రం దాకా రాదు, తంతి ఇచ్చుకోండి అని ఈవిడ చెబితే, సరేనమ్మా అని పెట్టేశాడు. ఇచ్చిన జవాబు ఒకటే, నాది తిట్టు, ఆవిడది సాయం.

ప్లగ్గు తీసి నావైపు తిరిగారు. "వాడు చెప్పేది వాడికన్నా బాగా నువ్వు చెప్పల్ల మే. కాదనేది ఆ తరవాత." అప్పటినుంచి ఎవరు ఫిర్యాదుతో లైనులోకి వచ్చినా, ముందు వాళ్ళ బాధ నా నోటితో చెప్పించేవారు. పళ్ళు కొరుక్కుంటూ చెప్పేదాన్ని. కొన్ని నెలలకు పళ్ళు కొరకడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

ఎనభైల నడిమికి ఊరూరా కేసెట్ల అంగళ్ళు వెలిశాయి. పచ్చ జెండా వాళ్ళు కూడా ఒక్క కేసెట్టు వేద్దామనుకున్నారు. ఒక్కటే, అదే ఆఖరు. గిటారు వాయించి పాటలు కట్టే మనోహరం అన్నకు వేళ్ళు మునుపటిలా తిరగడం లేదు. పైగా ఆ ముందటేడే ఆయన భార్య పోయింది. ఒక గంట టేపులో ఇన్నేళ్ళ పాటల్లోంచి ఏవి పెట్టాలో వాళ్ళలో వాళ్ళకు తెగలేదు. తేల్చబోతే బ్యాండే చీలిపోయేలా ఉందని, ఏళ్ళ తరబడి వింటున్న మీరే తేల్చండి అని ఎతిరాజమ్మ గారి మీద పెట్టారు. ఆదివారాలు తిరువళ్ళూరులో ఆవిడ ఇంటి హాల్లో అభిమానులం కూడేవాళ్ళం. ఎక్స్ఛేంజి అమ్మాయిలు కొందరు, తిరుత్తణి నుంచి వచ్చే రైల్వే వాళ్ళు కొందరు, వీధి చివర దర్జీ తంగవేలు. మొదటి ఆదివారం జరిగింది చర్చ అనలేను, సంత అనొచ్చు. ఒకరు పేరెత్తిన పాటను ఇంకొకరు చెత్త అనడం, వాళ్ళ పాట బండారం వీళ్ళు విప్పడం. తంగవేలు అయితే టేబుల్ ఎక్కడం ఒకటే తక్కువ.

రెండో ఆదివారం ఎతిరాజమ్మ గారు అందరికీ కాఫీ ఇచ్చి, కట్టుబాటు ఒకటి పెట్టారు. ఫలానా పాట కావాలనేవాళ్ళు ఊరికే కావాలనొచ్చు. వద్దనేవాళ్ళు మాత్రం ముందు ఆ పాటను మొదటినుంచి చివరిదాకా పాడాలి, ఆ తరువాతే ఎందుకు వద్దో చెప్పాలి. ఇదేం న్యాయమని తంగవేలు తమిళంలో గోల పెట్టాడు. తనకు గిట్టని రైలుబండి పాటను తనే పాడటమేమిటన్నాడు. పాడకపోతే అది కేసెట్లో ఉంటుంది, అంతే అన్నారావిడ. వారమంతా జాకెట్లు కుడుతూ నేర్చుకున్నట్టున్నాడు, మూడో ఆదివారం లేచి నిలబడి అందుకున్నాడు. గొంతు సంగతి దేవుడెరుగు, రెండో చరణానికి వచ్చేసరికి చేత్తో తొడ మీద తాళం మొదలైంది. పాట ముగించి, ఎందుకు వద్దో చెప్పమంటే ఇటూ అటూ చూసి, ఉండనివ్వండి పోనీ అని కూర్చున్నాడు. ఆ ఇంట్లో అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. ఆ రోజు నుంచి నోళ్ళు తగ్గాయి. నిజంగా వద్దనుకున్నవే వద్దన్నాం.

అప్పుడు వచ్చింది అసలు చిక్కు. ఒక ఆదివారం మనోహరం అన్న తానే గిటారు పట్టుకుని వచ్చి, ఇదొకటి కొత్తది, దీన్ని కూడా చూడండి అన్నాడు. పచ్చ జెండా పాటలన్నీ తమిళం, ఇదొక్కటే ఇంటి తెలుగు. డ్రమ్ములు లేవు, బేస్ లేదు, ఒక మనిషి, ఒక గిటారు. భార్య పోయాక ఆయన కట్టిన పాట అదొక్కటే. పాడి, మేం మొహమాటపడకూడదని వెంటనే వెళ్ళిపోయాడు. ఎతిరాజమ్మ గారు కొంగుతో ముఖం తుడుచుకుని, కేసెట్లో ఏది లేకపోయినా ఇది ఉండల్ల అన్నారు. మిగతావాళ్ళు నేల చూపులు చూస్తున్నారు. అందరి మనసులోనూ వద్దనే ఉంది, భార్య పోయిన మనిషిని ఎవరు కాదంటారు? వద్దని నేనన్నాను. హాల్లో అందరూ ఆవిడ వైపు చూశారు. ఆవిడ నా వైపు చూసి, "అట్లయితే పోయి నేర్చుకో" అన్నారు.

తిరుత్తణిలో ఆయన రైల్వే క్వార్టర్సుకు మధ్యాహ్నాలు డ్యూటీ లేనప్పుడు వెళ్ళాను. "వద్దనేదానికి నేర్చుకుంటా ఉండావంట కదా" అని నవ్వి, కుర్చీ జరిపాడు. ఆయన భార్య ఆస్పత్రిలో నర్సు, ఆయన స్టేషన్లో షిఫ్టులు. పెళ్ళయిన ఏళ్ళలో ఎక్కువ భాగం ఇద్దరూ గుమ్మం దగ్గరే కలుసుకున్నారట. పాట నిండా అదే ఉంది. "నువ్వు తలుపు తీసే పొద్దుకు నేను చెప్పులు తొడుక్కుంటి" అనేది పల్లవి. నేను దాన్ని ఏడుపుగా పాడితే ఆపేవాడు. "ఏడవబాక. మేము ఏడవలేదు అప్పుడు. ఆమె క్యారియరు ఇస్తాది, నేను తాళం చెవి ఇస్తాను. నవ్వుకుంటా పోతాము." అలా పాడటం నేర్చుకునేసరికి చాలాసార్లు రైలెక్కవలసి వచ్చింది. పాట ఒంటబట్టిన రోజు తిరుగు రైలులో కిటికీ వైపు ముఖం తిప్పుకుని ఏడ్చాను. ఆ పాట మీద నాకు ప్రేమ పుట్టింది, దాచుకోవడమెందుకు? అయినా నా అభిప్రాయం మారలేదు. అందుకే మరీ ఏడుపొచ్చింది.

ఆ ఆదివారం మనోహరం అన్న కూడా కూర్చున్నాడు. పాడాను. ఆయన చెప్పినట్టే, ఏడవకుండా. తరువాత నేను అనుకున్నది చెప్పాను. ఇది వీటన్నిటికన్నా గొప్ప పాట కావచ్చు, కానీ ఇందులో నలుగురు లేరు. ఇది ఒక ఇంటి పాట. చుట్టూ అంత మోత పెట్టి మధ్యలో దీన్ని ఉంచితే దానికీ అన్యాయం, మిగతా ముగ్గురికీ అన్యాయం. ఆయన గిటారు పక్కన పెట్టి అన్నాడు. "పాట తెలిసిన మనిషి వద్దంటే నాకు కోపం రాలేదు. తెలీనోళ్ళు జాలిపడి పెట్టుంటే వచ్చుండేది." ఎతిరాజమ్మ గారు కాఫీ కలపడానికి లోపలికి వెళ్ళారు.

ఆవిడ పెట్టిన కట్టుబాటుతో ఆవిడకే ఇష్టమైన పాట పోయింది. మరునాడు డ్యూటీకి భయపడుతూ వెళ్ళాను. నా హెడ్‌సెట్ అందిస్తూ, "నాకు బాధగానే ఉండాది. నువ్వు చెప్పింది న్యాయమే. రెండూ ఉండనీ. పో, బోర్డు చూడు" అన్నారు. ఆ తరువాత ఎన్నడూ ఆ సంగతి ఎత్తి నన్ను పొడవలేదు. ఓడిపోయి కూడా మనిషితో మామూలుగా ఉండటం ఎలాగో నాకు చూపించింది ఆవిడే.

కేసెట్టు వచ్చింది, మా రెండు ఊళ్ళలో పెళ్ళి పందిళ్ళలో మోగింది. కొన్నేళ్ళకు ఎక్స్ఛేంజి ఆటోమేటిక్ అయింది, బోర్డులు ఎత్తేశారు, నన్ను ఫిర్యాదుల విభాగంలో వేశారు. పదవీ విరమణ దాకా అక్కడే, ఎదుటివాళ్ళ బాధ వాళ్ళకన్నా బాగా చెబుతూ గడిపాను. ఇంట్లో కూడా అంతే. నా తరఫు వాదన నాకన్నా బాగా చెప్పి మరీ నన్ను ఓడిస్తావని మా ఆయన గొణుగుతారు. మనోహరం అన్న పోయాడు. పొన్నేరిలో ఎతిరాజమ్మ గారూ పోయారు. నన్ను మనుషుల్లో పడేసిన మనిషి ఆవిడ. బతికుండగా ఆ మాట సరిగ్గా చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

రెండేళ్ళ కిందట మనోహరం అన్న కూతురు నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఆ రోజుల్లో ఆమె హాస్టల్లో ఉండి చదువుకునేదట, అమ్మ మీద నాన్న పాట కట్టాడని వినడమే గాని పాట వినలేదు. ఆయన దాన్ని టేపు చెయ్యలేదు, కాగితం మీద పెట్టలేదు. బ్యాండులో మిగిలినాయనకు రెండు ముక్కలు తప్ప గుర్తు లేదు. ఆ పాట వద్దన్నావిడ తిరువళ్ళూరులో ఉంది, ఆమెకు మొత్తం వచ్చుంటుంది, అడుగు అని పంపాడు. మెచ్చుకున్నవాళ్ళెవరికీ రాదు, నేర్చుకోవలసిన అవసరం వాళ్ళకు లేకపోయింది. చేతులెత్తించి, లెక్కపెట్టి తేల్చి ఉంటే ఆ పాట ఆ ఆదివారమే పోయి ఉండేది.

చివరిదాకా పాడాను. ఆ అమ్మాయి ముఖం కడుక్కుని వచ్చి కూర్చుని, "ఇంత బాగా పాడతా ఉండారు, ఎందుకు వద్దన్నారక్కా?" అని అడిగింది. అప్పుడు చెప్పిన కారణమే చెప్పాను, ఇప్పుడైనా అదే చెబుతానన్నాను. తల ఊపింది. నెలకోసారి వస్తుంది, నేర్చుకుంటోంది. గొంతులో ఏడుపు వినపడితే ఆపి, వాళ్ళు అప్పుడు ఏడవలేదమ్మా, నవ్వుకుంటూ పోయారు, మళ్ళీ అందుకో అంటాను.