బెల్లం ముక్క పట్టుకున్న సిపాయి

ఆ రోజు ఎత్తిపోతల జలపాతం కాడ మెట్లు దిగాను గానీ ఎక్కలేకపోయాను. సగంలోనే కూలబడ్డాను. మా ఆవిడ రజియా, ఏందయ్యా ముసలోడివైపోయావా అని నవ్వింది. నాకు మాత్రం గుండెల మీద బండ పెట్టినట్టుంది.

నా పేరు మస్తాన్. దుర్గిలో రాళ్లు చెక్కేవాణ్ణి. అప్పుడు షెడ్డులో పెద్ద వీరగల్లు పని నడుస్తోంది. కుంఫిణీ దొరల మీద లడాయికి, ఎవరూ పిలవకుండానే మా తాలూకా నుంచి బరిసెలు పట్టుకుని పోయిన మనుషుల గుర్తుగా నిలబెట్టే రాయి అది. వాళ్ల వంశాలుండే పక్క ఊరి పెద్దలు చేయించుకుంటున్నారు. గ్రైండర్ పెడితే షెడ్డంతా తెల్లటి దుమ్ము. గీత కనబడాలని నోటితో ఊదేవాళ్లం, ఊదిందే మళ్లీ పీల్చేవాళ్లం. దుమ్ము లేవకుండా నీళ్ల పైపు పెట్టించమంటే ఓనరు సాయంత్రం తలా ఒక బెల్లం ముక్క చేతిలో పెట్టేవాడు. బెల్లం తింటే దుమ్ము కడుపులోకి దిగిపోతుందట. మేమూ నమ్మి చప్పరించాం, మా ఖర్మ.

దగ్గు తగ్గలేదు. ఊళ్లో డాక్టరు టీబీ అన్నాడు. ఆ మందులు మింగి మింగి ఒళ్లు చిక్కిపోయింది గానీ ఆయాసం పోలా. నరసరావుపేటలో ఎక్స్‌రే, సీటీ స్కాన్ తీశాక డాక్టరమ్మ నా పనేందో అడిగింది.

"ఇది టీబీ కాదు, సిలికోసిస్. లంగ్స్‌లో చేరిన రాతిపొడి ఇక బయటికి రాదు. పెరక్కుండా చూసుకోవడమే" అంది.

షెడ్డులో పనిచేశానని ఓనరు ఒక్క మాట చెబితే సర్కారు సాయానికి రాస్తానంది. పోయి అడిగాను. వాడు అందరి ముందూ నా మొహం చూసి, "నువ్వు నా షెడ్డులో ఎప్పుడు పనిచేశావురా?" అన్నాడు.

నాకు మీసం మొలిచిందే వాడి షెడ్డులో. ఆ మాటకి ఒళ్లు మండింది, ఇప్పటికీ మండుతూనే ఉంది. పోనీలే వదిలెయ్ అనేవాళ్లు ఆ దుమ్ము పీల్చొచ్చి చెప్పండి.

మధ్యలో న్యుమోనియా వచ్చి ఆక్సిజన్ మీద పడుకున్నాను. తేరుకుని ఇంటికొచ్చాక, వీరగల్లు చేయించుకుంటున్న పక్క ఊరి పెద్దాయన వచ్చాడు. రాయి వాళ్ల ఊరు చేరిందట. వీరుడి కాలి కింద పడ్డ కుంఫిణీ సిపాయికి మొహం, చేతులు చెక్కకుండా మిగిలిపోయాయి, నీ పనితనమే కావాలన్నాడు. రజియా ఇద్దర్నీ తిట్టిపోసింది. అయినా పోయాను. మాస్కు కట్టుకుని, రాయి మీద నీళ్లు పోయించుకుంటూ, ఆరుబయట సన్న ఉలితో చెక్కాను. బుగ్గ మీద పులిపిరి, వేలాడే గడ్డం, మా ఓనరువి ఉన్నవున్నట్టు దించాను. చేతిలో తుపాకీ పెట్టలేదు, బెల్లం ముక్క పెట్టాను.

రాయి వాడి షెడ్డులోదే కదాని, ముసుగు తీసి కొబ్బరికాయ కొట్టడానికి ఓనర్నే పిలిచారు. జనం రాయిని చూశారు, వాణ్ణి చూశారు. ముందు ఆడవాళ్లు నవ్వారు, తర్వాత అందరూ. వాడు నా మీదికొచ్చి, ఈ పని ఎవడు చేశాడని అడిగాడు.

"నాకేం తెలుసు సారూ? నేను మీ షెడ్డులో పనే చేయలేదుగా" అన్నాను.

ఇప్పుడు ఇన్‌హేలర్ జేబులోనే ఉంటుంది. టీ కొట్టు దాకా పోవాలన్నా దారిలో ఆగాలి. వాడు మాచర్ల పోవాలంటే ఆ ఊరి మీదుగా కాకుండా చుట్టూ తిరిగి పోతున్నాడంట. ఆ మాట విన్న పూట నాకు అన్నం చానా బాగా సయిస్తుంది.

రాయి పని చేసే అన్నదమ్ములకు ఒక్క మాట. నీళ్లు పోయకుండా గ్రైండర్ పెట్టొద్దు. దగ్గు పట్టుకుంటే డాక్టరుకి ముందు మీ పని చెప్పండి, ఆ తర్వాతే రోగం. బెల్లం పాయసంలో వేసుకోండి.