నలభై దినాలు మానేసిన మందు

ఊపిరి ఇచ్చిన దేవునికే స్తోత్రం. ఉద్యోగకాలమంతా క్షయరోగుల కళ్లె పరీక్షించినా ఆ జబ్బు నాకు అంటకుండా కాచింది ఆయన కృపే. ముందు ఆ కృతజ్ఞత చెప్పుకొని, తర్వాత నా కోపం చెబుతాను.

1963 జూన్‌లో నన్ను ఆదిలాబాదు నుంచి మంచిర్యాల క్షయ క్లినిక్కుకు ల్యాబ్ టెక్నీషియన్‌గా బదిలీ చేశారు. పైన ఒక మెడికల్ ఆఫీసరు, కింద నేను, ఒక కాంపౌండరు. కళ్లెను గాజు స్లైడు మీద పూసి, ఎర్ర రంగు పోసి వేడిచేసి, ఆమ్లంతో కడిగి, నీలిరంగు వేసేవాణ్ణి. ఆమ్లానికీ రంగు వదలని క్షయక్రిములు నీలిమీద ఎర్రటి పుల్లల్లా కనబడతాయి. మందు పనిచేస్తే నెలనెలా ఆ పుల్లలు తగ్గాలి.

మందులు రెండు. ఐసోనియాజిడ్ చిన్న తెల్లగోళీ. పాస్ అనేది నీళ్లలో కలుపుకొని తాగే పొడి, ఖాళీ కడుపున తాగితే మండుతుంది. ఒక్క మందే వాడితే దానికి తట్టుకున్న కొన్ని క్రిములు బతికి, అవే పెరుగుతాయి. రెండూ కలిస్తే ఒకదానికి తట్టుకున్నది రెండోదానికి చస్తుంది.

ఓదెలు బొగ్గుబావి కార్మికుడు, మా క్రైస్తవ సంఘంలో కొత్తగా బాప్తిస్మం పొందినవాడు. దీపావళి తర్వాత మందు మొదలుపెట్టాడు. జనవరికి అతని స్లైడులో పుల్లలను వెతుక్కోవలసి వచ్చింది. మే నెలలో స్లైడు నిండా ఎరుపే. ఆఫీసరు అతన్ని ఒక్క ప్రశ్న అడగలేదు. తాగుబోతు, మందు ఎగ్గొట్టాడు అని కార్డు మీద రాసి పేరు కొట్టేశారు. పేరు పోతే మందు ఆగుతుంది. మందు ఆగితే ఓదెలు బతకడు.

నేనూ ఆ రాత నమ్మాను. మందలించడానికే వాళ్ల క్వార్టరుకు వెళ్లాను. భార్య రాజమ్మ నన్ను కూర్చోమనలేదు. బాప్తిస్మం నాడే కల్లు మానేశాడని చెప్పి, "మీ డాక్టరుకు మా నోటి వాసన జూసుడు ఎరుక గని, మా మాట ఇనుడు ఎరుకలేదు" అన్నది.

ఓదెలు దగ్గు ఆగాక చెప్పాడు. "గోళీ ఒక్క దినం తప్పలే సారూ. గా పొడే ఆపిన. పొద్దంత ఉపాసముంటే కడుపుల మంట లేసుడాయె. పండుగ అయినంక మల్ల ముట్టబుద్ధి గాలే. ఉపాసముండుమని మీరే జెప్తిరి గద."

అవును. ఈస్టరుకు ముందు శ్రమదినాలు నలభై, పొద్దుగూకేదాకా ఏమీ తినవద్దని సంఘపెద్దగా బోధించింది నేనే. అతనికి మందిచ్చే క్లినిక్కులో పనిచేసేదీ నేనే. ఈ రెండింటినీ కలిపి ఒక్కనాడూ ఆలోచించలేదు.

మరునాడు ఆఫీసరుకు చెప్పాను. కొత్తవాళ్లు వరుసలో ఉన్నారు, ఇలాంటివాళ్ల కోసం మందు లేదు అని ఆయన తల ఎత్తకుండానే అన్నారు. ఆ తల ఎత్తకపోవడాన్ని క్షమించాలని వాక్యం ఆజ్ఞాపిస్తుంది. నాకు ఇంకా చేతకాలేదు. అనుమతి అడగకుండానే ఓదెలు కళ్లెను సీసాలో మూసి, లక్క వేసి, క్రిములను పెంచి, ఏ మందుకు చస్తాయో చూసే హైదరాబాదు ప్రయోగశాలకు పంపాను. అవి మెల్లగా పెరుగుతాయి కనుక జవాబుకు రెండు నెలలు దాటింది. అన్నాళ్లూ ఓదెలు నెత్తురు కక్కుతూనే ఉన్నాడు. ఐసోనియాజిడ్ కలిపిన గొట్టంలో క్రిములు నిండుగా పెరిగాయట. పాస్, స్ట్రెప్టోమైసిన్ అనే సూదిమందు కలిపిన గొట్టాల్లో ఏమీ లేదు.

ఆ కాగితం చూసి ఆఫీసరు కొత్త మందులకు సంతకం చేశారు. రోజూ స్ట్రెప్టోమైసిన్ సూది, అన్నం తిన్నాక కాంపౌండరు ఎదుటే పాస్. మరుసటి ఈస్టరుకు స్లైడు శుభ్రం. ఓదెలు బతికాడు. ఒక ఊపిరితిత్తి చాలావరకు పోయింది, మళ్లీ బావిలోకి దిగలేదు. కార్డు మీద 'తాగుబోతు' అన్న మాటను మాత్రం ఎవరూ కొట్టెయ్యలేదు.

ఆ పండుగనాడు పాస్టరుగారు, ఓదెలు తన ఉపవాస ఫలంగా బాగుపడ్డాడని సాక్ష్యం చెప్పబోయారు. నేను లేచి ఆపాను. ఉపవాసం అతన్ని చంపబోయిందని, బోధించింది నేనని అందరి ముందూ చెప్పాను. వెనక వరుస నుంచి ఓదెలు, "ఇగ కూసోండి సారూ, బతికిన గద" అన్నాడు. నేను కూర్చోలేదు.

జతగా ఇవ్వవలసిన మందుల్లో ఒకటి ఆగితే, మిగిలినది క్రిమికి శిక్షణ ఇస్తుంది. ఎందుకు ఆగిందో రోగినే అడగాలి, అడిగి చెప్పింది నమ్మాలి. నేను నేర్చుకున్నది ఇంతే. ఆనాటి నుంచి ఏటా శ్రమదినాలకు ముందు ఆదివారం, మందు తీసుకునేవారు ఉపవాసం ఉండరాదని సంఘంలో ప్రకటిస్తున్నాను.

చదువుతున్నవారు నాతో కలిసి ప్రార్థించండి. ప్రభువా, ఒకనికి పస్తుండమని బోధించే ముందు, వాడు ఏ మందు మింగుతున్నాడో అడిగే బుద్ధి మాకు దయచేయుము. ఆమేన్.