ఒక రోజు ముందు చెప్పిన మాట

పెళ్ళయి నెల్లూరు వచ్చిన మూడో ఏడు మా ఆయనకు టైఫాయిడ్ వచ్చింది. దసరా సెలవులయి బళ్ళు తెరిచిన వారమే మంచమెక్కారు. హైస్కూల్లో సైన్సు చెప్పేవారాయన. దానితోపాటు వాతావరణం ఆఫీసు వాళ్ళకు పొద్దున ఎనిమిదిన్నరకూ సాయంత్రం ఐదున్నరకూ కొలతలు తీసి పంపే పని కూడా ఒప్పుకున్నారు.

మా పెరట్లో నాలుగు కాళ్ళమీద ఒక తెల్ల చెక్కపెట్టె నిలబడి ఉండేది. లోపల థర్మామీటర్లు. పక్కనే వాన కొలిచే పాత్ర. గాలి ఒత్తిడి కొలిచే బారోమీటరు మాత్రం ముందుగదిలో గోడకు. చూసినదంతా అంకెల్లోకి మార్చి టెలిగ్రాఫు ఆఫీసుకు పోయి మద్రాసుకు టెలిగ్రాం కొట్టించాలి. ఆ అంకెలే ఎన్నో ఊళ్ళ అంకెలతో కలిసి, కోస్తా జిల్లాల్లో వానలు పడతాయి, చేపలవాళ్ళు సముద్రంలోకి పోవద్దు అంటూ సాయంత్రం రేడియోలో తిరిగి వచ్చేవి. మబ్బు ఎంత ఎత్తున ఉందో కూడా ఎందుకు రాయాలని ఒకసారి అడిగాను. విమానాలు నడిపేవాళ్ళకు కావాలన్నారు. మా ఊరిమీద విమానం పోతుంటే ఇంట్లోవాళ్ళమంతా పని వదిలేసి బయటికి పరుగెత్తే రోజులవి. అయినా ఆ మాట విన్నాక మబ్బును ఊరికే చూడడం నావల్ల కాలేదు.

జ్వరం వచ్చిన మూడోనాడు ఆయన మంచంమీదనుంచే వాతావరణం ఆఫీసుకు ఉత్తరం రాయించారు, తాను లేచేదాకా తన భార్య చూస్తుందని. సరేననీ, జాగ్రత్తగా చూడమనీ జవాబు వచ్చింది. ఆ ఉత్తరం చేతికొచ్చిన రోజునుంచీ నాకు నిద్రాహారాలు సరిగా లేవు. పొయ్యిమీద గంజి పెట్టి పెరట్లోకి పోయేదాన్ని. చూసిన అంకెను మళ్ళీ చూసేదాన్ని. టెలిగ్రాఫు ఆఫీసునుంచి ఇంటికొచ్చాక, ఏడు రాయబోయి ఒకటి రాశానేమోనని మళ్ళీ వీధిలోకి పోయి నిలబడేదాన్ని. ఆయన నవ్వేవారు కాదు. "చూసింది రాయి. ఏం జరగబోతుందో చెప్పడం మన పని కాదు. అది వాళ్ళు చెప్తారు" అనేవారు.

సముద్రపొడ్డున ఉన్న మైపాడు నుంచి మొదటి బస్సుకు వచ్చి మా వీధిలో చేపలమ్మే ఆమె ఒకతె ఉండేది. నాకంటే పదిపన్నెండేళ్ళు పెద్దది. గంప దించి మా పెరటి గట్టుమీద కాసేపు కూర్చునేది. మొగుడూ మరిదీ ఒకే తెప్పమీద సముద్రంలోకి పోతారు. ఆమె రోజూ పెట్టెకేసి గడ్డం చూపి, ఏమంటా ఉండాదని అడిగేది. ఏమీ అనలేదక్కా అనేదాన్ని. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం.

ఒకనాటి పొద్దున బారోమీటరు చూసి నేను నవ్వలేకపోయాను. నిన్న ఇదే వేళకు ఉన్నదానికంటే పాదరసం బాగా దిగి ఉంది. మధ్యాహ్నానికి రోజూ కాస్త దిగుతుందని తెలుసు. పొద్దునపూట మాత్రం అలా ఉండకూడదు, ఉందంటే ఎక్కడో గాలివాన పుడుతున్నట్టే. గోరుతో అద్దాన్ని తట్టి మూడుసార్లు చూశాను. బయటికొస్తే ఎండ బాగానే ఉంది. తూర్పున ఆకాశం నిండా సన్నని తెల్లటి పీచుల్లాంటి మబ్బులు. గాలి ఉత్తరం నుంచి. ముందురోజు సాయంత్రం రేడియో బంగాళాఖాతంలో అల్పపీడనం ఉందని చెప్పింది గానీ, మనవైపు వస్తుందని చెప్పలేదు.

ఆమె గట్టుమీదే ఉంది. నా మొహం చూసి అడగడం మానేసింది. తనే, తెల్లవారుజామున మగవాళ్ళు పోతారమ్మా అంది. లోపల ఆయన జ్వరంతో కళ్ళు మూసుకుని ఉన్నారు. నేను గొంతు తగ్గించాను.

"రేపు పోవద్దని చెప్పక్కా."

ఆమె ఎందుకని అడగలేదు. సగం చేపలు గంపలో ఉండగానే బస్సుకు వెళ్ళిపోయింది.

టెలిగ్రాం కొట్టించి ఇంటికొచ్చాను. రెండు గంటలు తిరక్కముందే మద్రాసునుంచి టెలిగ్రాం వచ్చింది, చీకటిపడేదాకా గంటగంటకూ చూసి పంపమని. ఆ రోజు ఇంటికీ టెలిగ్రాఫు ఆఫీసుకూ ఎన్నిసార్లు తిరిగానో గుర్తులేదు. ఆయన నోట్లో మందు పోసింది పక్కింటి పెద్దావిడే. సాయంత్రానికి ఆయన లేచి దిండుకు ఆనుకున్నారు. చేపలామెతో అన్న మాటతో సహా ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

కోప్పడతారనుకున్నాను. ఆయన నెమ్మదిగా, "నీ మాట తప్పయితే వాళ్ళకు ఒకరోజు కూడు పోతుంది. నిజమైతే రేపటినుంచీ నువ్వు చెప్పిందే వింటారు. రోజూ చెప్పగలవా?" అన్నారు.

మర్నాడు ఆకాశం కడిగినట్టుంది. గాలి కూడా ఆగింది. పాదరసం పైకీ పోలేదు, కిందికీ దిగలేదు. ఆమె రాలేదు. పొద్దెక్కాక వీధిలోకి వచ్చిన ఇంకొకామె గంప నిండా వంజరం చేపలు తెచ్చింది. మైపాడులో ఈరోజు వలలు బరువెక్కాయట. ఆమెను పిలిచి ధర అడగడానికి కూడా మొహం చెల్లలేదు. గేటు దగ్గరికీ, పెట్టె దగ్గరికీ, ముందుగదికీ తిరుగుతూనే ఉన్నాను. వాన రావాలని కోరుకున్నాను. అలా కోరుకున్నందుకు వెంటనే భయపడ్డాను. ఆ రోజు సాయంత్రం రేడియో చెప్పింది, వాయుగుండం బలపడి దక్షిణ కోస్తావైపు వస్తోందని, సముద్రంలోకి ఎవరూ పోవద్దని.

మూడోరోజు పొద్దుననుంచి వాన. పెట్టె తలుపు తీయడానికి రెండు చేతులూ చాలలేదు. ఒక చేత్తో కొంగు, ఒక చేత్తో పుస్తకం, పళ్ళ మధ్య పెన్సిలు. మధ్యాహ్నానికి ఉత్తరం గాలి తూర్పుకు తిరిగింది. పక్కింటి వంటింటి పెంకులు మా పెరట్లోకొచ్చి పడ్డాయి. తుఫాను మాకు దక్షిణాన తడ దగ్గర తీరం దాటిందనీ, రైళ్ళు గూడూరులోనే ఆపేశారనీ తర్వాత తెలిసింది. మైపాడులో గుడిసెల కప్పులు లేచిపోయాయి. రేడియో మాట విని అందరూ ఒడ్డునే ఉన్నారు గనుక మనుషులకు ఏమీ కాలేదు.

బస్సులు తిరగడం మొదలుపెట్టాక ఆమె వచ్చింది. గంప లేదు. గట్టుమీద కూర్చోలేదు. ఆ రోజు ఇంటికి పోయి మొగుడితో ఎంత చెప్పినా వినకపోతే, తెడ్లు తీసుకుపోయి తన తల్లి ఇంట్లో దాచిందట. తెల్లారి ఊళ్ళో మిగతా తెప్పలన్నీ నిండుగా వచ్చాయి. మొగుడు రెండురోజులు ఆమెతో మాట్లాడలేదు. మరిది నలుగురిలో నవ్వాడు. కప్పు ఎగిరిపోయిన నాడు మాత్రం ముగ్గురూ ఒకే గోనెపట్ట కింద కూర్చున్నారట.

నేను చేతులు పట్టుకున్నాను. నాది తప్పే అక్కా అన్నాను.

"తప్పని నేను అన్లేదమ్మా. నువ్వు ఒకదినం ముందర చెప్పినావు, అంతే. ఇంకోసారి మాత్రం నాకు చెప్పబాకు. రేడియోలో చెప్పినారంటే ఊరంతా ఇంటారు. నువ్వు చెప్తే నేనొక్కదాన్నే ఇనాల. ఇనకుండా ఉండలేను."

మంచినీళ్ళు తాగి, లోపల ఆయన ఎలా ఉన్నారో అడిగి, వెళ్ళిపోయింది.

కార్తీకం పోయేసరికి ఆయన నడవగలిగారు. సాయంత్రం కొలతలు తానే తీసుకున్నారు, పొద్దునవి నాకే వదిలేశారు. ఆఫీసుకు ఆ విషయం కూడా రాశారు. ఆ తర్వాత ఆరేళ్ళు ఆ ఇంట్లోనే ఉన్నాం. ప్రతి ఏడూ తుఫానులు వచ్చే ఆ రెండు నెలలూ నా కాళ్ళు ఒకచోట నిలిచేవి కావు. అలా పాదరసం దిగిన పొద్దుటిపూటలు ఇంకో రెండు వచ్చాయి. రెండుసార్లూ ఆమె గట్టుమీద కూర్చుని చేపలు తోముతూనే ఉంది. ఏమీ అడగలేదు. నేను టెలిగ్రాం కాగితం మడిచి చేతిలో పట్టుకుని, ఆమె పక్కనుంచే, రేడియో మాట ఒక గంటైనా ముందు రావాలని మామూలు కంటే పెద్ద అడుగులు వేస్తూ వీధిలోకి నడిచాను.