పేరు లేని పళ్లెం కోసం

కొన్నాళ్లపాటు మా ఇంట్లో ప్రార్థనకూ భోజనానికీ మధ్య నేను దూరాను. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అత్తమ్మ వండి, వడ్డించి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసి ఆమెన్ అనేది. మా ఆయన చెయ్యి పళ్లెంలోకి వెళ్లేలోపు నేను ‘ఆగు’ అంటూ కెమెరాతో అడ్డం పడేదాన్ని. మొదటిసారి ఇద్దరూ నవ్వారు. తర్వాతి వారం అత్తమ్మ నవ్వలేదు.

“దేవునికి స్తోత్రం చెప్పినంక గూడ బువ్వ ముట్టకుండ కూసోవెడ్తవా బిడ్డా? గిదేం పిచ్చి? కూర సల్లారవట్టె!”

“ఒక్క నిమిషం అత్తమ్మా, వెలుగు మంచిగుంది.”

“వెలుగు తింటమా?”

ఆపై వారానికి ఆమే ఒక దారి కనిపెట్టింది. ముందు ఫోటోలు, తర్వాతే ప్రార్థన. “సల్లటి కూరను గూడ దేవుడు దీవిస్తడు తియ్” అంది. అయితే నేను ఫోటోలు తీస్తున్నంతసేపూ చేతిలో గరిటెతో నా నెత్తి మీదే నిలబడేది.

ఈ పిచ్చి నాకెందుకు పట్టిందో చెప్పాలి. మేముండేది ఇంద్రేశంలో. పటాన్‌చెరు దగ్గర ఇంజెక్షన్ మందులు తయారుచేసే కంపెనీలో నా ఉద్యోగం. పెళ్లైన కొత్తలో చేరాను. నా పని చూడటం. మందు నింపిన చిన్న గాజు సీసాను దీపం కింద పట్టుకుని, బుడగలు లేవకుండా మెల్లగా తిప్పి, ఒకసారి తెల్ల అట్ట ముందు, ఒకసారి నల్ల అట్ట ముందు చూడాలి. నల్ల నలుసుంటే తెల్లదాని మీద దొరికిపోతుంది, తెల్ల పోగుంటే నల్లదాని మీద. దొరికిందా, ఎర్ర డబ్బాలో వెయ్యాలి. మా సెక్షన్‌లో నా కన్నుకు మంచి పేరుండేది. ఈ చూపు ఇంటికొచ్చినా ఊరుకునేది కాదు. బియ్యంలో రాయి, అద్దం మీద మరక, కొత్త చొక్కాకు తప్పిన కుట్టు, ఏదైనా నాకే ముందు కనబడేది. “నీ కంట్ల వడ్డోడు బతికి బట్టకట్టడు” అనేవాడు మా ఆయన. అతను ఒక మిషన్ షాపులో ఫిట్టరు.

పోయిన ఏడాది మా సెక్షన్‌కు మిషన్ వచ్చింది. సీసాలు దాని లోపల గిరగిరా తిరుగుతూ పోతుంటాయి, చుట్టూ ఉన్న కెమెరాలు వాటిని చూస్తుంటాయి. మనిషి కన్ను అలసిపోతుంది, ఇది అలసిపోదని సూపర్‌వైజరు మాకు నచ్చజెప్పాడు. ఎవరి ఉద్యోగమూ పోలేదు. నన్ను ప్యాకింగ్‌కు మార్చారు, జీతం కూడా తగ్గలేదు. కానీ అట్టపెట్టెలకు టేపు అంటిస్తూ నిలబడితే ఏడుపొచ్చేది. నాకు తెలిసిన విద్య ఒక్కటే, అది కాస్తా ఒక కెమెరా లాక్కుపోయింది. ఇంటికొచ్చి ముద్ద నోట్లో పెట్టుకుంటే రుచి తెలిసేది కాదు. అత్తమ్మ నా పళ్లెం వంక చూసేది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం క్యాంటీన్‌లో, మా ల్యాబులో పనిచేసే అమ్మాయి స్టాక్ ఫోటోల సైట్ల గురించి చెప్పింది. మనం తీసిన ఫోటోలు వాటిలో పెడితే, ప్రకటనలకనో పుస్తకాలకనో ఎవరికి కావాలంటే వాళ్లు కొనుక్కుంటారట. చర్చి పండుగలకు పనికొస్తుందని ఎప్పుడో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెమెరా మా బీరువాలో ఉందని ఆమెకు తెలుసు.

“కానీ ఊకెనే తీసుకోరక్కా. ఒక్కొక్క ఫోటోను పెద్దగ జేసి సూస్తరు. జెర మరకున్నా రిజెక్ట్ కొడ్తరు” అంది.

ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. అక్కడ జరిగేది కూడా నా పనేనన్నమాట! ఎంత వస్తుందని నేను అడగనే లేదు. నా కన్ను ఇంకా పనికొస్తుందని ఎవరో ఒకరు ఒక్క ఫోటోను పాస్ చేసి చెబితే చాలు, నేను మళ్లీ నేనవుతాననిపించింది.

ముందు అందరిలాగే పొద్దుగూకే సూర్యుణ్ణి, గులాబీ పువ్వును, కర్దనూర్ వైపు నీళ్లలో నిలబడ్డ కొంగను పంపాను. అన్నీ తిరిగొచ్చాయి. అలాంటివి వాళ్ల దగ్గర కుప్పలు కుప్పలుగా ఉన్నాయట. “మనింట్ల వండుకునేటియి పంపక్కా, అవి ఎవరు తీస్తరు?” అంది ల్యాబు అమ్మాయి. అందుకే ఆ ఆదివారాల దండయాత్ర.

నా పద్ధతి నాది. పచ్చిపులుసు గిన్నె వెనక ఒకసారి తెల్ల అట్ట పెట్టాను, ఒకసారి నల్ల అట్ట పెట్టాను. ఉల్లిపాయ ముక్కల్లో వంకరవి ఏరేశాను. మక్క గారెల్లో అంచు మాడినవాటిని పక్కన పెట్టాను. గిన్నెకు వేలిముద్రలు అంటకుండా చేతులకు గ్లౌజులు తొడుక్కున్నాను.

“పచ్చిపులుసుకు ఆపరేషన్ జేస్తున్నవా ఏంది?” అంది అత్తమ్మ.

ఎంత చేసినా ఒక్కటీ పాస్ కాలేదు. ఫోటోలో పేర్లు, రాతలు, కంపెనీ గుర్తులు ఉండకూడదని ఇంగ్లీషులో ముక్తసరిగా రాసి పంపారు. పచ్చిపులుసులో రాతలేమిటి? ఫోటోను పెద్దది చేసి మూల మూలా గాలించాను. ఎక్కడా నలుసన్నది లేదు. మర్నాడు క్యాంటీన్‌లో చూపిస్తే ఆ అమ్మాయి ఒక్క చూపు చూసి పకపకా నవ్వింది.

“అక్కా, గిన్నె మీద ఎవరిదో పేరుంది గద!”

అది అత్తమ్మ తమ్ముడి పేరు. ఇంటిపేరుతో సహా, పెళ్లి కానుక అన్న మాటతో సహా, చుక్కలు చుక్కలుగా గిన్నె పొట్ట మీద ఉంది. రోజూ నేను తోమే గిన్నే. దాని మీద దుమ్ము నా కంటికి చిక్కింది గానీ అంత పొడుగు పేరు చిక్కలేదు. చిన్నప్పటి నుంచీ పేరున్న గిన్నెలే చూశాం, అందులో మళ్లీ చూడాల్సిందేముంది? పైగా కంపెనీలో లేబుళ్లు అంటించే సెక్షన్ వేరు, నా చేతికి వచ్చే సీసాలకు ఏ పేరూ ఉండేది కాదు.

ఆ సాయంత్రం ఇల్లంతా తనిఖీ చేశాను. పేరు లేని వస్తువు ఒక్కటి కనబడితే ఒట్టు. బకెట్ మీద పెయింటు కంపెనీ. గోడ గడియారం మీద చిట్టీల కంపెనీ. టిఫిన్ డబ్బా మీద మా ఆయన వాళ్ల యూనియన్. కూరగాయల సంచి మీద విత్తనాల కంపెనీ. ఇక స్టీలు సామానంతా చుట్టాలే, మా మామగారి చెల్లెలి నుంచి ఎప్పుడూ చూడని వరంగల్ బావ దాకా అందరూ మా వంటింట్లోనే కాపురమున్నారు. పేరు లేని గిన్నె ఒక్కటైనా లేదా అని అడిగితే అత్తమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

“పేరు లేని గిన్నె ఇంట్ల ఎట్లుంటది? చర్చిల ప్రేమ విందుకు ఇస్తిమనుకో, మళ్ల ఇంటికెట్లొస్తది?”

ఆమె మాటా నిజమే. ప్రేమ విందు అయ్యాక చర్చి ఆడవాళ్ల సంఘం, అదే స్త్రీల మైత్రి వాళ్లంతా తోమిన గిన్నెల కుప్ప చుట్టూ కూర్చుంటారు. ఒకామె పేర్లు చదువుతూ ఉంటే, ఎవరిది వాళ్లు ‘మాదే, మాదే’ అని అందుకుంటారు. పేరు చెరిగిన గిన్నె ఒకటి తగిలిందా, దాని మీద పెద్ద పంచాయితీ. పేరు లేని గిన్నె కోసం పక్కింటామెను అడిగి చూస్తే, తన పుట్టింటివాళ్ల పేర్లన్నీ వరసగా చదివి వినిపించి, చాయ్ ఇచ్చి పంపింది.

“గ్రైండర్ మీద పెట్టి గీకేస్త, ఇటియ్యి” అన్నాడు మా ఆయన, మేనమామ గిన్నె వైపు చెయ్యి చాపుతూ.

“మా తమ్ముని పేరు గీకుతవురా!” అని అత్తమ్మ గరిటె ఎత్తింది. అతను గిన్నె వదిలేసి వాకిట్లోకి ఉరికాడు. నవ్వలేక చచ్చాను.

పటాన్‌చెరు వెళ్లి పేరు లేని కొత్త పళ్లెం ఒకటి తెచ్చుకుంటానని ఇంట్లో చెప్పాను. షిఫ్టు మారడంతో వెళ్లడం కుదరనే లేదు. ఒక శనివారం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి అత్తమ్మ గుమ్మంలో కూర్చుని ఉంది, కొంగు కింద ఏదో దాచుకుని. ఆ మోకాళ్ల నొప్పులతో షేర్ ఆటో ఎక్కి, ఒక్కతే పటాన్‌చెరు అంగడికి పోయొచ్చిందట.

“కండ్లు మూస్కో” అంది.

చేతుల్లోకి చల్లగా ఒక పళ్లెం వచ్చింది. కళ్లు తెరిచాను. కొత్త పళ్లెం తళతళా మెరుస్తోంది. సరిగ్గా దాని నడుమ, ఇంతింత అక్షరాలతో, నా పేరు.

“ఏం పేరు కొట్టాలమ్మా అని అడిగిండు దుకాణపోడు. ఇంకెవ్వరిది కొట్టిపిస్త? నీదే చెప్పిన. అంచుకు కొడ్తనన్నడు. అంచుకెందుకయ్యా, నడుమ కొట్టు, ఫోటోల మంచిగ కనవడాలె అన్న.”

పేరు లేని పళ్లెం కావాలనే కదా ఇంత రభస! ఆ మాట ఆమె వినకపోలేదు, పేరు ఎందుకు ఉండకూడదో మాత్రం నేను విడమరచి చెప్పలేదు. స్టీలు సామాను కొని పేరు కొట్టించకుండా దుకాణం మెట్లు దిగడం ఆమెకు చేతకాదు, అంతే. మా ఆయన నా మొహం చూసి, పెదవులు బిగబట్టి, మళ్లీ వాకిట్లోకి ఉరికాడు. అక్కణ్ణుంచి అతని నవ్వు వినబడుతూనే ఉంది. నాకూ నవ్వొచ్చింది, నవ్వుతో పాటే కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఊళ్లోవాళ్ల పేర్లన్నీ ఉన్న ఆ వంటింట్లో నా పేరు ఎక్కడా లేదని నాకు అప్పుడే తట్టింది. నా పెళ్లికి వచ్చిన సామాను మీద కూడా మా అన్న పేరే ఉంది. ఆ లోటు నేను ఎన్నడూ కనిపెట్టలేదు, అత్తమ్మ కూడా కావాలని కనిపెట్టి ఉండదు. దుకాణంవాడు అడగ్గానే ఆమె నోటికి నా పేరు వచ్చింది.

“మంచిగలేదా?” అని ఆత్రంగా అడిగింది.

“మస్తుంది అత్తమ్మా” అన్నాను. అందులో అబద్ధం లేదు.

మర్నాడు చర్చి నుంచి రాగానే ఆమె జొన్న రొట్టెలకు కూర్చుంది. తలుపులోంచి ఎండ ఏటవాలుగా నేల మీద పడుతోంది. ముందు ఉత్త పళ్లేన్ని, పేరు నిండుగా కనబడేటట్టు, ఆమె కోసం ఒక ఫోటో తీశాను. తర్వాత “ఇగ రొట్టె పెట్టు అత్తమ్మా” అన్నాను. పెనం మీది నుంచి తీసి పళ్లెంలో వేసింది. వేసేటప్పుడు ఒక పక్క విరిగి, ముక్క కాస్త జారింది. రొట్టె మీద అక్కడక్కడా మాడిన మచ్చలున్నాయి. పచ్చిమిరప తొక్కు పెడుతుంటే అదీ కొంచెం చిందింది.

నా చెయ్యి దానంతటదే ఆ ముక్కను తీసెయ్యడానికి పోయింది. విరిగింది, మాడింది, చిందింది. ఎర్ర డబ్బాలోకి పోవాల్సిందే. కానీ ఆ ముక్క తీస్తే దాని కింద నా పేరు బయటపడుతుంది. రొట్టె మార్చమందామా అంటే, ఎదురుగా చేతుల నిండా పిండితో అత్తమ్మ కూర్చుని ఉంది, చిన్నపిల్లలా మొహం వెలిగిపోతూ. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. తెల్ల అట్టా పెట్టలేదు, నల్ల అట్టా పెట్టలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు చూశాను. విరిగిన చోట రొట్టె లోపలి మెత్తదనం కనబడుతోంది, అందులోంచి సన్నగా ఆవిరి లేస్తోంది. చాలా రోజుల తర్వాత నాకు గట్టిగా ఆకలేసింది. ఆ ఆకలితోనే ఫోటో తీశాను. లోపమున్నదాన్ని నా చేత్తో పాస్ చేయడం నాకదే మొదలు.

సైటులో పెట్టేటప్పుడు ఫోటోలో ఏముందో మాటల్లో రాయాలి. జొన్న, రొట్టె, తొక్కు అని రాసి ఇంకేమున్నాయా అని ఆలోచిస్తుంటే అత్తమ్మ తొంగిచూసి, “వేడిగుంది అని గూడ రాయి” అంది. రాశాను.

ఫోటో పాసైందన్న కబురు నేను ప్యాకింగ్‌లో ఉండగా, చాయ్ టైములో తెలిసింది. ఫోన్ చూసి పెట్టిన కేకకు నా చేతిలోని చాయ్ సగం ఒలికింది. ఎవరికో పెళ్లి కుదిరిందనుకుని అందరూ నా చుట్టూ మూగారు. ఒక రొట్టె ఫోటో అని చెబితే ముందు వింతగా చూశారు, తర్వాత వాళ్లూ నవ్వుతూ ఫోన్ లాక్కుని చూశారు. ఒకామె అయితే ‘అబ్బ, తినబుద్ధవుతుందే’ అంది. ఇంకొన్నాళ్లకు ఎవరో దాన్ని కొన్నారు కూడా. ఏ దేశంవాళ్లో, దేనికోసమో తెలియదు. వచ్చింది చెప్పుకునేంత సొమ్మేమీ కాదు. అయినా ఆ రోజు కంపెనీ బస్సులో కిటికీ పక్కన కూర్చుని దారి పొడుగునా నాలో నేనే నవ్వుకున్నాను. నా కన్ను పనికొచ్చింది. నలుసులు వెతకడానికే కాదు, ఇష్టంగా చూడటానికి కూడా పనికొచ్చింది.

ఇంటికి రాగానే అత్తమ్మకు ఫోన్‌లో చూపించాను.

“గీ ఇరిగిన రొట్టెనా కొన్నది? జెర ఆగితే మంచిది గాల్చిస్తుంటి గద!” అని నెత్తి కొట్టుకుంది. తర్వాత ఫోన్‌ను కళ్లకు దగ్గరగా పెట్టుకుని వెతకసాగింది. నేను భయపడుతున్న ప్రశ్న రానే వచ్చింది. “మరి పేరేది?”

ఉన్న సంగతి చెప్పేశాను. పేరు కనబడితే వాళ్లు తీసుకోరని, అందుకే రొట్టెతో కప్పానని. ఆమె ఫోన్ నా చేతిలో పెట్టి వంటింట్లోకి వెళ్లిపోయింది. అంత ఆశగా కొట్టించిన పేరును దాచిపెట్టానని మనసు నొచ్చుకుందేమోనని నాకు ఆ వారమంతా గుబులుగానే ఉంది.

ఆ వారం చివర్న స్త్రీల మైత్రి కూడిక మా ఇంట్లో. ప్రార్థన అయ్యిందో లేదో, అత్తమ్మ నా ఫోన్ అడిగి తీసుకుని ఒక్కొక్కరికీ చూపించడం మొదలుపెట్టింది.

“మా కోడలు తీసింది. ఏ దేశమోల్లో కొన్కపోయిండ్రు.”

ఫోన్ చేతులు మారుతూ ఒక పెద్దామె దగ్గరికి చేరింది. ఆమె కళ్లజోడు సవరించుకుని, వంటింటి మనిషి చూసినట్టే, రొట్టెను వదిలేసి పళ్లెం చూసింది.

“పల్లెం కొత్తదున్నట్టుంది గద వదినె. పేరు కొట్టియ్యలేదా?”

నేను అత్తమ్మ వైపు చూశాను.

“కొట్టియ్యకేం? నా కోడలి పేరు. రొట్టె కిందున్నది” అంది అత్తమ్మ. “తిన్నంక కనవడ్తది.”