మా సదివేటోడు

పట్నంలో ఒక సేవాసంస్థలో పనిచేసే మా మనుమరాలు మొన్న వచ్చినప్పుడు, పెట్టిన మనుషులు నిలవడం లేదని, కారణం తేల్చే పని తన మీద పడిందని వాపోయి, "గా లైబ్రరీ పని నువ్వెందుకు ఇడిసిపెట్టినవ్ తాతా, జీతం తక్కువనా?" అని అడిగింది. నేను తల ఊపాను. అసలు సంగతి నా ఈడువాళ్లకైతేనే చెప్పగలను.

నిజాం కాలం చివరి ఏళ్లలో, వనపర్తిలో చందాలతో నడిచే ఒక చిన్న గ్రంథాలయంలో నన్ను పెట్టుకున్నారు. పుస్తకాలు ఇచ్చి పుచ్చుకోవడమే నా పని. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని పత్రిక పైకి చదవడం మాత్రం ఎవరూ చెప్పకుండా నేను పెట్టుకున్న అలవాటు. సంతకు వచ్చిన రైతులు తిరుగుదారిలో బండ్లు ఆపి, యుద్ధం ఎందాకా వచ్చిందో, రేషను మీద కంట్రోలు బట్ట ఎప్పుడిస్తారో విని పోయేవారు. వాళ్లకు నా పేరు పట్టలేదు, "మా సదివేటోడు" అనేవారు. ఆ 'మా' కోసం జ్వరం వచ్చినా కంబళి కప్పుకుని పోయి చదివేవాణ్ని.

ఒక వార్షికోత్సవంలో మా అధ్యక్షుడు, ఉర్దూ చదువు చదివి పట్నం నుంచి వచ్చి స్థిరపడ్డ వకీలు, చాలా మంచివాడు, అతిథుల ముందు నా భుజం మీద చెయ్యి వేసి, "మేమంత ఊరికెనే చేస్తున్నం, గీ పిలగాడొక్కడే మా జీతగాడు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. జీతం తీసుకునేవాడని ఆయన భావం. మా పాలమూరు పల్లెల్లో జీతగాడంటే దొర దగ్గర ఏడాదికి కుదిరి, పశువుల కొట్టంలో పడుకునే మనిషి. మా నాయన అట్లా బతికినవాడే. ఆ మాట నాదాకా రాకూడదనే నన్ను బడికి పంపాడు.

వకీలుగారికి ఆ అర్థం తెలియదని నాకు తెలుసు. అయినా మనసు విరిగింది. ఆ తర్వాత పుస్తకాలు ఇచ్చాను, పుచ్చుకున్నాను, వేళకు తాళం వేశాను. అరుగు మీద మాత్రం కూర్చోలేకపోయాను. కొన్నాళ్లకు కొత్తకోటలో ఒక వ్యాపారి దగ్గర గుమాస్తాగా చేరాను. నా తర్వాత అక్కడ పత్రిక పైకి చదివినవాళ్లు లేరట.

ఒకనాడు అరుగు దగ్గర రోజూ ముందు కూర్చునే ముసలాయన సంతలో ఎదురై నా చెయ్యి పట్టుకున్నాడు. "జీతం సాలకపాయెనా బిడ్డా? మాకు జెప్తే తలా ఇంత ఏస్తుంటిమి గద."

ఔనన్నట్టు తల ఊపాను. ఆయన నమ్మాడు.

ఇప్పుడు వకీలుగారూ లేరు, ముసలాయనా లేడు, జీతగాడన్న మాట మా మనుమరాలు విననైనా వినలేదు. ఆమె కూడా నమ్మింది. జీతాలు ఇంకొంచెం పెంచమని రాస్తుంది కాబోలు.